కొత్త ఇంటికి రంగులు: షేడ్ కార్డు కాసేపు పక్కన పెట్టండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివానమ్మా. తిరుచానూరు రోడ్డు వైపు తూర్పు ముఖం ఇల్లు, రెండు బెడ్‌రూములు, శ్రావణ మాసంలో గృహప్రవేశం. హాలుకు మీరు గ్రే అనుకున్నారు. మీ అత్తగారు పసుపు కొడితేనే ఇంటికి కళ అంటున్నారు. పాపకు తన గది వంకాయ రంగులోనే కావాలి. మీ ఆయనేమో అంతా తెల్లరంగు కొట్టించేస్తే గోల వదులుతుంది అంటున్నారు. షేడ్ కార్డులో (షాపువాళ్లిచ్చే రంగుల పట్టికలో) 14 రంగులకు టిక్కులు పెట్టుకుని నెల రోజులుగా తేల్చుకోలేకపోతున్నారు.

నేను చిత్తూరులో మా నాయన వెనకాల సున్నం బకెట్ మోసినవాణ్ని. తిరుపతికొచ్చి 26 ఏళ్లుగా పెయింటింగ్ పనులు పట్టి చేయిస్తున్నాను. ఈ గొడవ లేని ఇల్లు ఇంతవరకు చూడలేదు. అందుకని నేరుగా చెబుతాను. మీ ఆయన మాట సగం కరెక్టు. అన్ని గదుల రంగులూ ఇప్పుడే తేల్చాల్సిన పని లేదు. పూజ గది, వంటిల్లు ఇప్పుడే పూర్తి చేయించేయండి, వాటిని తర్వాత ఖాళీ చేయడం కష్టం. హాలుకు, రెండు పడక గదులకు మాత్రం పట్టీ (గోడను నునుపు చేసే పూత), ప్రైమర్ (రంగుకు ముందు వేసే పూత) అయ్యాక ఒక్క కోటు లేత మీగడ రంగు కొట్టించి పాలు పొంగించుకోండి. సంక్రాంతి దాటాక, మాఘంలో అసలు రంగు వేయించుకోండి. ఈ ఆరు నెలల్లో ఏ గదిలోకి ఎప్పుడు ఎండ వస్తుందో, ఏ మూల మధ్యాహ్నానికే మసకబారుతుందో, ఎవరు ఎక్కడ కూర్చుంటారో మీకే తెలిసిపోతుంది. రెండు విడతలంటే మీ మేస్త్రీ సణుగుతాడు. కూలి సంగతి ముందే మాట్లాడుకోండి.

ఎందుకింత దూరం చెబుతున్నానంటే, కార్డు మీద కనిపించే రంగుకూ గోడ మీద కనిపించేదానికీ మధ్యలో వెలుతురు ఉంటుంది. షాపులో మీరు చూసింది అగ్గిపెట్టెంత ముక్క, అదీ ట్యూబులైటు కింద. అదే రంగు నాలుగు గోడలకూ కొడితే ఈ గోడ రంగు ఎదురు గోడ మీద పడుతుంది, అది తిరిగి దీని మీద పడుతుంది, మొత్తానికి రంగు చిక్కబడుతుంది. కార్డులో "అబ్బే, మరీ వెలిసిపోయినట్టుంది" అనిపించిందే గదిలో సరిగ్గా సరిపోతుంది. కాబట్టి మీకు నచ్చిన రంగు ఏదైనా, అదే వరుసలో రెండు మెట్లు పలచనిది తీసుకోండి.

మీ గ్రే గురించి ఒక ఇంటి సంగతి చెప్పాలి. కొన్నేళ్ల కిందట తిరుపతిలోనే కొర్లగుంట వైపు ఒక ఇంట్లో హాలంతా గ్రే కొట్టాం. పగలు చూసి ఇంటావిడ తెగ మురిసిపోయింది. రాత్రి తొమ్మిదింటికి ఫోను. "మేస్తిరీ, గ్రే చెప్పినాను కదా, ఊదా కొట్టినారేంది? డబ్బా మారిపోయినట్టుండాది." పొద్దున్నే ఖాళీ డబ్బా పట్టుకుని వెళ్లాను. మూత మీద కోడ్ సరిగ్గానే ఉంది. గోడ కూడా గ్రేగానే ఉంది. ఆమెకు నా మీద నమ్మకం కుదరలేదు, సాయంత్రం మళ్లీ రమ్మంది. చీకటి పడ్డాక లైటు వేసింది. నిజమే, గోడ మొత్తం లేత ఊదా! అట్టపెట్టె తిప్పి చూస్తే బల్బు 6500 కెల్విన్, అంటే నీలం కలిసిన తెల్ల వెలుతురు. గ్రేలో అడుగున దాక్కుని ఉన్న నీలాన్ని ఆ బల్బు బయటికి లాగింది. సందు చివర అంగట్లో 4000 కెల్విన్ బల్బులు, అంటే నీలం తగ్గిన తెల్ల వెలుతురువి, నాలుగు తెచ్చి పెట్టాను. గోడ మళ్లీ గ్రే అయింది. హాలంతా మళ్లీ కొట్టించాలనుకున్నావిడ నాలుగు బల్బులతో బయటపడింది.

మన ఇళ్లల్లో చాలా వరకు ఈ 6500 బల్బులే ఉంటాయి. వాటి కింద మీగడ రంగు పాలిపోతుంది, గంధం రంగు కొంచెం ఆకుపచ్చకు తిరుగుతుంది, గ్రే నీలమైపోతుంది. మీ హాలుకు కిటికీ, వాకిలి రెండూ తూర్పునే ఉన్నాయన్నారు, దక్షిణం వైపు పక్కింటి గోడ అడ్డం. అంటే పొద్దున ఎండ దంచి కొడుతుంది, పదిన్నర పదకొండు దాటాక వెలుతురు తగ్గిపోతుంది. మీరు ఉద్యోగం నుంచి వచ్చి ఆ హాల్లో కూర్చునేది సాయంత్రం ఆరు తర్వాతే కదా. ఎవరూ లేని పదింటప్పుడు గోడ ఎంత అందంగా ఉంటే ఏం లాభం? మీ హాలు రంగు రాత్రి లైటు కింద చూసి తేల్చుకోండి. గ్రే మీద అంత మనసుంటే నీలం అడుగున్నది కాకుండా గోధుమ అడుగున్నది ఎంచుకోండి, కట్టెల పొయ్యి బూడిదలా కాస్త వెచ్చగా ఉండేది.

అడుగు రంగు ఎలా పట్టుకోవాలి అంటారేమో. జిరాక్స్ షాపులో వాడే తెల్ల కాగితం ఒకటి తెచ్చి షేడ్ ముక్క పక్కన పెట్టండి. విడిగా చూస్తే తెలుపు అనుకున్నదే కాగితం పక్కన గులాబీ పోతుంది, లేదా పసుపు, లేదా పాచి పచ్చ. షాపులో తెలుపు పేరుతో అమ్మే రంగుల్లో ఎక్కువ వాటికి ఇలా ఏదో ఒక అడుగు ఉంటుంది. ఇప్పుడు అదే ముక్కను మీ నేల టైలు మీద పెట్టి చూడండి. మీ టైల్స్ మీగడ రంగువి, వాటి అడుగు పసుపు. గులాబీ అడుగున్న తెలుపు వాటి పక్కన వేస్తే గోడ శుభ్రంగానే ఉన్నా టైల్ మాసినట్టు కనబడుతుంది. టైల్స్ మార్చలేరు, వంటింటి గ్రానైట్ మార్చలేరు, అల్మారాలకు వేసిన మైకా షీటు ఇంకో పదేళ్లు ఉంటుంది. అన్నిటిలోకీ చవగ్గా మార్చుకోగలిగేది గోడ రంగే. కాబట్టి అదే వాటికి సర్దుకోవాలి. చాలామంది రంగు ముందు తేల్చి, తర్వాత సోఫా కోసం ఊరంతా తిరుగుతారు.

నేల ఎంత పని చేస్తుందో చిన్నప్పుడే చూశాను. చిత్తూరులో మా పెద్దమ్మ వాళ్ల ఇంట్లో ఎర్ర గచ్చు ఉండేది, కొబ్బరి చిప్పతో రుద్ది రుద్ది అద్దంలా మెరిపించేవాళ్లు. గోడలకు కొట్టింది ఒట్టి తెల్ల సున్నం. కానీ పొద్దున ఎండ గచ్చు మీద పడినప్పుడు నడుము ఎత్తు దాకా గోడంతా లేత గులాబీ. నేను చాలా రోజులు అది వేరే రంగేమో అనుకున్నాను.

ఇక శాంపిల్. గోడ మీద నేరుగా నాలుగు పట్టీలు గీసి చూడటం నాకు నచ్చదు. పక్కపక్కన ఉన్న రంగులు ఒకదాన్నొకటి పాడు చేస్తాయి, పైగా తర్వాత కోటు కింద ఆ గీతల అంచులు కనబడతాయి. శాంపిల్ డబ్బా చిన్నది తెచ్చుకోండి. రెండడుగుల చదరం దళసరి అట్ట మీద ప్రైమర్ ఒకసారి, రంగు రెండుసార్లు వేసి పూర్తిగా ఆరనివ్వండి. తడిగా ఉన్నప్పుడు మాట్లాడొద్దు. ఎమల్షన్ (నీళ్లు కలిపి వేసే గోడ రంగు) తడిలో లేతగా ఉండి ఆరాక ముదురుతుంది. సున్నం దీనికి తలకిందులు, తడిలో ఏమీ కనబడదు, ఆరేకొద్దీ తెల్లబడుతుంది. మా నాయన బకెట్లో నీలిమందు కలిపి, కుంచెతో ఇటుక మీద ఒక గీత గీసి ఎండలో పెట్టి బీడీ అయ్యేదాకా ఆగేవాడు. ఆరాక చూసి, ఇంకో చిటికెడు వెయ్యాలో వద్దో చెప్పేవాడు. ఆ ఆగడమే ఇప్పుడు ఎవరికీ చేత కావడం లేదు.

అట్ట ఆరాక దాన్ని గదిలో కిటికీ ఎదురు గోడకు ఒక రోజు, కిటికీ ఉన్న గోడకే ఒక రోజు ఆనించండి. పొద్దున ఏడింటికి, మధ్యాహ్నం, సాయంత్రం నాలుగింటికి, రాత్రి లైటు వేశాక ఫోటో తీయకుండా కళ్లతో చూడండి. ఫోను తనకు నచ్చినట్టు రంగు సర్దేస్తుంది, దాన్ని నమ్మొద్దు. కిటికీ ఉన్న గోడ వెలుతురుకు వీపు తిప్పి ఉంటుంది కాబట్టి అదే రంగు అక్కడ ముదురుగా కనిపిస్తుంది. ఇది తెలియక "ఈ గోడకు వేరే డబ్బా వేశారా" అని అడిగినవాళ్లు చాలామంది.

మీ నైరుతి గదికి పడమటి కిటికీ. ఆ గది గురించి ఎక్కువ ఆలోచించండి. మే నెలలో తిరుపతి ఎండ 40 డిగ్రీలు దాటే రోజులు మీకు చెప్పాలా. మూడింటి నుంచి ఆరు దాకా ఎండ ఆ కిటికీలోంచి ఏటవాలుగా మంచం మీదికి వస్తుంది, అదీ నారింజ రంగు ఎండ. అక్కడ పీచ్, లేత ఆరెంజ్, బిస్కెట్ రంగు లాంటివి వేస్తే సాయంత్రం గది కొలిమిలా కనబడుతుంది. ఆ గదికి నేనైతే బూడిద కలిసిన లేత పచ్చ వేస్తాను, ఎండిన వేపాకు పొడి నీళ్లలో కలిపినట్టుండే రంగు. సాయంత్రపు ఎండ దాని మీద పడితే మండదు, మెత్తబడుతుంది. లేదంటే బాగా పలచన చేసిన నీలం. ముదురు నీలం బెడ్‌రూముల ఫోటోలు ఫోన్లో చూపించి అదే కావాలంటారు కొందరు. ఆ ఫోటోలో గోడకు గోడంత కిటికీ, కనబడకుండా అయిదారు లైట్లు ఉంటాయి. మన పదడుగుల గదిలో, ఒక ట్యూబులైటు కింద అదే రంగు బావిలోకి తొంగి చూసినట్టు ఉంటుంది.

"గ్రే, నీలం వేస్తే గది చల్లగా ఉంటుందా" అని కూడా అడిగారు. కంటికి చల్లగా ఉంటుంది. థర్మామీటరుకు తేడా తెలియదు. వేడి తగ్గించేది బయట గోడ రంగు, మిద్దె మీద రంగు. బయట పడమటి గోడకు ముదురు ఇటుక రంగు, చాక్లెట్ రంగు వేయించుకుని లోపల చల్లని రంగులు వెతుక్కోవడం తమాషాగా ఉంటుంది. ముదురు రంగు ఎండను తాగుతుంది, రాత్రంతా ఆ వేడిని లోపలికి వదులుతుంది. పడమటి గోడ బయట వీలైనంత తెలుపుకు దగ్గర్లో ఉంచండి, మిద్దె పైన తెల్లటి కూల్ రూఫ్ పెయింట్ కొట్టించండి. లోపల ఏ రంగూ చేయని మేలు అది చేస్తుంది.

ఉత్తరం కిటికీ ఉన్న పాప గది గురించి. ఉత్తరపు వెలుతురు చల్లగా నీలంగా ఉంటుంది, వెచ్చని రంగులే వేయాలి అని ఇంటర్నెట్లో చదివి వస్తుంటారు. అది చలి దేశాల లెక్క. మనం భూమధ్యరేఖకు 13 డిగ్రీల పైచిలుకు దూరంలో ఉన్నాం. ఏప్రిల్ చివర నుంచి ఆగస్టు మధ్య దాకా మధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తి దాటి ఉత్తరం వైపుకే ఉంటాడు. ఆ రోజుల్లో ఉత్తరం గోడకు పొద్దున, సాయంత్రం ఏటవాలు ఎండ తగులుతుంది. మధ్యాహ్నం ఎండ నిటారుగా ఉంటుంది కాబట్టి సజ్జా ఆపేస్తుంది. మిగతా కాలమంతా దాదాపు ఎండ పడకుండా ఒకే తీరు వెలుతురు. చదువుకునే పిల్లకు ఇంట్లో అన్నిటికంటే మంచి గది అదే. అక్కడ ఏ లేత రంగైనా పగలంతా దాదాపు ఒకేలా కనబడుతుంది.

వంకాయ రంగు మాత్రం నాలుగు గోడలకూ వద్దు. అలాగని పాప మాట పూర్తిగా కొట్టేయొద్దు. మంచం తల వైపు గోడ ఒక్కదానికి వేయించండి. చదువు బల్ల ఎదురుగా ఉండే గోడకు కాదు, పుస్తకంలోంచి తలెత్తిన ప్రతిసారీ ముదురు రంగు కళ్లకు కొడుతుంది. మిగతా మూడూ మీగడ రంగు. ఒక ఇంట్లో ఇలాగే పట్టుబట్టి గది మొత్తం ముదురు ఊదా కొట్టించుకున్న అమ్మాయి ఎనిమిది నెలలకే "అంకుల్, నాకు తెలుపు కావాలి" అంది. ఆ ముదురు మీద తెలుపు నిలవడానికి ప్రైమర్, ఆపైన మూడు కోట్లు పట్టాయి. ఒక గోడైతే ఆదివారం ఒక్క పూటలో అయిపోయేది. గోడ కింద మూడడుగులు ఏ రంగైనా సరే, తుడిస్తే పోయే ఎమల్షన్ వేయించండి. పెన్సిల్ గీతలు ఎంత చెప్పినా ఆగవు.

ఇక మీ అత్తగారి పసుపు. ఆమెను నొప్పించాల్సిన పని లేదు, ఆ రంగుకు సరైన చోటు పూజ గదే. ఈశాన్యంలో, కిటికీ లేని చిన్న గది అన్నారు. అక్కడ తెలుపు వేస్తే దీపం మసి, సాంబ్రాణి పొగ, కర్పూరం కలిసి రెండు నెలల్లో పైకి నల్ల చారలు తేలతాయి. పసుపు మీద మసి తెల్లదాని మీద కనిపించినంత కనబడదు, పసుపు కుంకుమ చేతుల మరకలూ కలిసిపోతాయి. దీపం వెనక మాత్రం అడుగున్నర ఎత్తు టైల్ ముక్కో గ్రానైట్ ముక్కో అంటించండి. ముద్ద పసుపు గోడను సరిగ్గా కప్పదు, మూడు నాలుగు కోట్లు కొడితే కానీ కింది తెలుపు కనబడకుండా పోదు. హాలుకు అదే పసుపు వేస్తే నాలుగు కోట్ల ఖర్చు చూసి మీ ఆయన గుండె పట్టుకుంటారు. నాలుగడుగుల గదికి నాలుగు కోట్లైనా పెద్ద లెక్క కాదు. ఆమెకు మాట దక్కింది, మీకు హాలు దక్కింది.

అత్తగారి వయసు రాయలేదు కానీ, అరవై దాటితే ఇంకో సంగతి గుర్తుంచుకోండి. వయసు మీద పడేకొద్దీ కంటి లోపలి కటకం పసుపెక్కుతుంది, లేత రంగుల మధ్య తేడా అంతగా తెలియదు. గోడ తెలుపు, తలుపు తెలుపు, స్విచ్ బోర్డు తెలుపు అయితే రాత్రి లేచినప్పుడు తడుముకోవాలి. ఆమె నడిచే దారిలో తలుపు చట్రాలు, బాత్రూము తలుపు గోడకంటే కొట్టొచ్చినట్టు వేరే రంగులో ఉండనివ్వండి.

హాలుకు వద్దాం. శ్రీకాళహస్తి కలంకారీ పటం పెద్దది ఒకటి పెడతామని రాశారు. అదే మీ రంగుల కార్డు అనుకోండి. ఆ బట్టను కరక్కాయ, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు, అందుకే దాని నేల రంగు తెలుపు కాదు, కాస్త పసుపెక్కిన మీగడ. నల్ల గీత ఇనుప ముక్కలు, బెల్లం ఊరబెట్టిన నీళ్లతో వస్తుంది. పక్కన మట్టి ఎరుపు, నీలం, ఆవపువ్వు పసుపు. దాన్ని పాలరాతి తెలుపు గోడకు తగిలిస్తే బట్ట పాతబడినట్టు, ఉతకనట్టు కనబడుతుంది. నీలం గ్రే మీద ఆ ఎరుపులు చచ్చిపోతాయి. లేత గంధం రంగు గోడ మీద పెట్టండి, పటం గోడలోంచి పూసినట్టుంటుంది. మీకు గ్రే తప్పదంటే గోధుమ అడుగున్న గ్రే, పైన చెప్పినదే. అట్ట మీద రెండు రంగులూ వేసి, పటం పక్కన రాత్రి పెట్టి చూడండి. మీకే తెలుస్తుంది.

హాల్లో ఒక గోడకు ముదురు రంగు, దాని మీద టెక్చర్ (గరుకుగా, గాడులు తేలేలా వేసే పూత) గురించి అడిగారు. నా ఇష్టం అడిగితే వద్దంటాను. పటం ఉన్న గదిలో ఇంకో గోడ అరవకూడదు. టెక్చర్ గాడుల్లో మన ఎర్ర దుమ్ము దూరితే బ్రష్షుతో దులపాలి, తుడిస్తే ఇంకా లోపలికి పోతుంది. మన ఊళ్లలో గోడలకు తెల్ల సున్నం కొట్టి అడుగున కావి పట్టీ వేసేవాళ్లు కదా, వాన చిందులు, చేతి మరకలు ఆ పట్టీలో కలిసిపోయేవి. ముదురు రంగు అంతగా కావాలంటే మెట్ల గోడకు అలా కింద మూడడుగులు వేయించుకోండి. చేతులు ఆనేది అక్కడే.

వంటింటికి పెద్ద చర్చ లేదు. టైల్స్ పైన మిగిలిన గోడకు లేత రంగు, కొద్దిగా మెరుపున్న కడిగే రకం ఎమల్షన్. పోపు జిడ్డు తుడవగలగాలి, అంతే. గ్రానైట్ నల్లగా ఉంది కాబట్టి గోడ ముదురైతే ఆకుకూరలో పురుగు కూడా కనబడదు. సీలింగులన్నీ తెలుపే ఉంచండి. మిగతా గోడలకు మెరుపు తక్కువున్నది తీసుకోండి. పట్టీ పని ఎగుడుదిగుడుగా ఉంటే మెరుపు రంగు అన్నీ బయటపెడుతుంది, ముఖ్యంగా పొద్దునెండ పక్కవాటుగా పడే మీ హాల్లో.

వాస్తు రంగులు పాటించాలా అన్నారు. నేను వాస్తు చెప్పేవాణ్ని కాదు. ఆగ్నేయానికి నారింజ అంటే లేత నారింజ ఉంటుంది, ఈశాన్యానికి పసుపంటే అదీ పలచనిది దొరుకుతుంది. పంతులుగారు చెప్పే రంగు పేర్లలో ఎంత ముదురు అనేది ఉండదు, ఆ సందులో మీకు కావలసింది దొరుకుతుంది. ఇంట్లో పెద్దవాళ్లకు మనసు కుదుటగా ఉండటం కూడా ఇంటికి అవసరమే.

రంగుకంటే నాకు టెన్షన్ పెట్టేది తడి. 2021 నవంబరు వానలు మీకు గుర్తుండే ఉంటాయి. లోతట్టు కాలనీలో ఒక ఇంట్లో మూడు రోజులు నీళ్లు నిలిచాయి. సంక్రాంతికి రంగులు అయిపోవాలని ఇంటాయన ఒకటే తొందర, నేనూ పండగ ముందు కూలీల చేతికి నాలుగు డబ్బులు వస్తాయని ఒప్పుకున్నాను. సోఫా వెనక గోడకు ముదురు మెరూన్. పండక్కి అందరూ మెచ్చుకున్నారు. మార్చిలో ఆ గోడ కింద రెండడుగులు తెల్లగా ఉప్పు పూసింది, గోరు పెడితే రంగు అప్పడంలా లేచి వచ్చింది. లేత రంగైతే కొంతైనా దాచేది, మెరూన్ మీద ఉప్పు ముగ్గు వేసినట్టు కనబడింది. గీకి, ఆరబెట్టి, నా ఖర్చుతోనే మళ్లీ కొట్టించాను. తప్పు నాదే. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఊరంతా రంగులు వేయించుకునేది ఆ వెంటనే. గోడ లోపల ఆరి ఉండదు. అందుకే మీకు మాఘం చెప్పాను.

కొత్త ప్లాస్టరింగ్‌కు కనీసం 28 రోజులు గడవాలి, మొదటి కోటు కూడా అప్పుడే. చూడటానికి పొడిగా ఉందని నమ్మకండి. రెండడుగుల ప్లాస్టిక్ షీటు గోడకు నాలుగు వైపులా టేపుతో గాలి పోకుండా అంటించి ఒక రోజు వదిలేయండి. లోపలి వైపు నీటి చుక్కలు పడితే ఇంకా ఆరలేదని. గృహప్రవేశం ముహూర్తం మార్చక్కర్లేదు, ఆ గోడకు రంగు వాయిదా వేస్తే చాలు.

చిత్తూరు పాత ఇంటి తలుపులు తెచ్చి వాడుతున్నామన్నారు, మంచిదే, ఆ కలప ఇప్పుడు దొరకదు. వాటి మీద పాత ఎనామిల్ (ఆయిల్ పెయింటు) మాత్రం పొడిగా గీకించకండి. ఇంటి పెయింట్లలో సీసం (లెడ్) 90 పీపీఎం, అంటే పది లక్షల భాగాల్లో 90 భాగాలు, దాటకూడదన్న రూలు మన దేశంలో అమల్లోకి వచ్చింది 2017 నవంబరులోనే. అంతకు ముందు వేసిన ఎనామిల్లో సీసం ఉండొచ్చు, ముఖ్యంగా పసుపు, ఎరుపు, పచ్చ రంగుల్లో. ఆ దుమ్ము పిల్లలకు మంచిది కాదు. నీళ్లతో తడిపి ఎమరీ పేపరుతో రుద్దించండి, ఇంటి లోపల కాదు, బయట, కింద పట్టా పరిచి. ఆ పొట్టంతా మూటగట్టి పారేయాలి, మొక్కల్లో పోయకూడదు.

డబ్బాల లెక్క. 10 అడుగులు 12 అడుగుల గది, 10 అడుగుల ఎత్తు అయితే గోడలు 440 చదరపు అడుగులు. తలుపు, కిటికీ తీసేస్తే 400. రెండు కోట్లకు లీటరుకు 100 చదరపు అడుగులు నేను వేసుకునే లెక్క, డబ్బా మీద ఇంకా ఎక్కువే రాసి ఉంటుంది. అంటే గదికి 4 లీటర్లు. మీరు ఇప్పుడు ఒక కోటు మీగడ రంగు వేయించి, మాఘంలో అసలు రంగు రెండు కోట్లు వేయిస్తే గదికి అదనంగా పడేది దాదాపు 2 లీటర్లే. అసలు రంగు రెండు కోట్లకే మేస్త్రీ ఆరు లీటర్లు కావాలంటే ఎందుకని అడగండి, రెండున్నర చాలంటే ఇంకా గట్టిగా అడగండి, నీళ్లు ఎక్కువ కలుపుతాడన్నమాట. ఒక గదికి కావలసిందంతా ఒకేసారి, ఒకే మెషిన్లో కలిపించండి. వారం ఆగి ఇంకో లీటరు తెస్తే వెంట్రుకవాసి తేడా వస్తుంది, అది గోడ మధ్యలో పడితే జీవితాంతం కనబడుతూనే ఉంటుంది. మిగిలిన అర లీటరు పారేయకండి, గట్టి మూతున్న డబ్బాలో పోసి నీడలో పెట్టుకోండి. షేడ్ కోడ్, కలిపించిన తేదీ, ఏ గది అనేది మార్కర్‌తో ఆ గది అల్మారా తలుపు లోపలి వైపు రాసిపెట్టండి. కాగితం మీద రాసుకుంటే పోతుంది. నాకు ఫోన్ చేసి "మేస్తిరీ, మా హాలుకు ఏం రంగు కొట్టినారో గుర్తుందా" అని అడిగేవాళ్లు వారానికి ఇద్దరు ఉంటారు.